దారపు పూలకుండీ వెనుక చరిత్ర

ఈనాడు మన ఇండ్లలో రేడియో ఉంచిన బల్లమీదనో, అద్దాల బీరువాలోనో ఒక క్రొత్త అలంకారము తరచుగ కనబడుచున్నది. అది అరచేతిలో ఇముడునంతటి చిన్న పూలకుండీ. కుండీలో మట్టి ఉన్నట్లే తోచును. మట్టినుండి పచ్చని కాడ లేచియుండును. కాడకు రెండాకులు, కొనయందు అయిదారు రేకుల పువ్వు. చేతితో తాకిచూచినగాని రహస్యము తెలియదు. కుండీయు, మట్టియు, కాడయు, పువ్వును అన్నియు దారమే. మొఖమలువలె మెత్తనైన దారముతో, కొక్కెపు సూది ఒక్కటే సాధనముగ అల్లిన వస్తువది. దానికి నీరక్కరలేదు, ఎండ అక్కరలేదు. వాడుట అను మాట దానికి లేదు.

అవనిగడ్డలోను, బందరులోను, గుడివాడలోను ఆడపిల్లలు దీనిని సెలవు దినములలో నేర్చుకొనుచున్నారు. పెద్దలు చూచి, "తీరికవేళ ఏదో చేసికొనుచున్నారు" అని సంతోషించుచున్నారు. ఈ వ్యాసమునకు ఆ "తీరిక" అను మాటయే కారణము. చూచుటకు చిన్నదైన ఈ మాట వెనుక మన తీరప్రాంతపు స్త్రీల చరిత్ర నూరేండ్లకు పైగా మరుగుపడియున్నది. దానిని కొంత తెలిసికొందము.

మొదట మనమున్న చోటు చూతము. పులిగడ్డ వద్ద కృష్ణ రెండుగ చీలి దివిసీమను చుట్టుకొని సముద్రమున కలియును. ఆ సీమకు ముఖ్యమైన ఊరు అవనిగడ్డ. అచ్చటనుండి ఈశాన్యముగ వచ్చినచో బందరు. బందరునుండి తీరము వెంబడి ఈశాన్యముగ సాగిపోయినచో వసిష్ఠ గోదావరి ఒడ్డున నరసాపురము. ఈ రెండు రేవుపట్టణములకును పాతకాలమునుండి సంబంధము గలదు. 1904 మొదలు 1925 వరకు నరసాపురము తాలూకా కృష్ణాజిల్లాలోనే ఉండెను. ఆ ఇరువది యొక్క సంవత్సరములు దాని జిల్లా కచేరి బందరే. 1925లో పశ్చిమగోదావరి వేరుపడినది. కావున నరసాపురపు కథ కృష్ణాజిల్లావారికి పొరుగువారి కథ కాదు.

పువ్వును గుడ్డమీదికి తెచ్చి పరదేశములకు పంపుట ఈ తీరమున ఎంతమాత్రము క్రొత్తది కాదు. బందరు రేవునకు 1605లో డచ్చివారు వచ్చిరి. 1611లో ఆంగ్లేయుల తూర్పు ఇండియా కంపెనీవారు ఇచ్చటనే వర్తకస్థానము నెలకొల్పిరి. వారు కోరి కొన్నవానిలో మన అద్దకపు వస్త్రములు ముఖ్యమైనవి. చిరివేరుతో ఎరుపును, నీలిమందుతో నీలమును తెచ్చి, తీగలు, మొగ్గలు, విచ్చిన పూవులు దిద్దిన ఆ గుడ్డలు ఐరోపాలో ఎంత మోజు కలిగించెననగా, తమ నేతగాండ్రు నష్టపోవుదురని ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అట్టి వస్త్రములను నిషేధించెను. ఇంగ్లండు 1721లో శాసనము చేసి వానిని ధరించుటనే మాన్పజూచెను. నరసాపురమునకు కూడ ఇట్టి పేరు గలదు. ఆ ఊరికి చేరియున్న మాధవాయపాలెమున కంపెనీవారి గుడ్డల కొట్టు ఉండెడిది. అచ్చటనుండి పోయిన మెత్తని నూలుగుడ్డకు ఆ పాలెము పేరే పెట్టి "మడపొల్లం" అని ప్రపంచమంతయు పిలిచినది. ఆ మాట నేటికిని ఐరోపా నిఘంటువులలో నిలిచియున్నది.

ఇట్లు పదునేడవ శతాబ్దిలో మన పువ్వు పడమటికి పోయినది. పందొమ్మిదవ శతాబ్దిలో పడమటి పువ్వొకటి మన తీరమునకు వచ్చినది. అదియే క్రోషే అల్లిక.

"క్రోషే" అనునది ఫ్రెంచిమాట. చిన్న కొక్కెము అని దాని అర్థము. మగ్గము లేదు, చట్రము లేదు, రెండవ సూదియైన లేదు. ఒక దారపు ఉండ, కొనయందు వంపుగల ఒక సూది ఉన్నచాలును. దారమును ముడివేసి, ఆ ముడిలోనుండి సూదితో మరల దారమును లాగినచో ఒక మెలిక ఏర్పడును. మెలికలో మెలిక వేసికొనుచు పోయినచో గొలుసు. గొలుసును వలయముగ కలిపి చుట్టును అల్లుచు పోయినచో పువ్వు. ఈ అల్లికకు అచ్చులో వచ్చిన తొలి నమూనాలు 1820 ప్రాంతములలో "పెనలోపె" అను డచ్చి పత్రికలో కనబడుచున్నవి. అనగా చరిత్రలో ఇది మిక్కిలి పాతవిద్య కాదు. వస్త్రము నేయుట వేల ఏండ్లనాటిది. క్రోషే ఇంచుమించు రెండువందల ఏండ్లది.

దీనికి ప్రపంచమున పేరు తెచ్చినది కరువు. 1845లో ఐర్లండు దేశమున బంగాళాదుంప పంటకు తెగులు తగిలి ఘోరమైన క్షామము వచ్చినది. తిండిలేక లక్షలమంది మరణించిరి. లక్షలమంది ఓడలెక్కి దేశము విడిచిరి. ఆ దినములలో సన్యాసినులును, మతాచార్యుల భార్యలును పేద స్త్రీలకు ఈ అల్లికను నేర్పి, దానిని అమ్మించి పొట్టపోసికొను దారి చూపిరి. క్లోన్స్ అను ఊరిలో 1847లో కసాండ్రా హ్యాండ్ అను ఆమె ఇట్టి పని ప్రారంభించెను. అచ్చటి పద్ధతి యొకటి మనము గుర్తుంచుకొనవలెను. గులాబి యొకచోట, ఆకు యొకచోట, మొగ్గ మరియొకచోట విడివిడిగ అల్లుదురు. పిదప వానినన్నిటిని వలవంటి అల్లికతో కలిపి ఒక్క వస్త్రము చేయుదురు. ఒక ఇంటిలో ఒకే పువ్వు అల్లుచు కూర్చున్నను పని సాగిపోవును. పేదయింటి స్త్రీకి ఇందువలన పని దొరకినది. కాని తాను చేసిన పువ్వు ఏ వస్త్రములో చేరినదో, ఎంతకు అమ్ముడుపోయినదో ఆమెకు తెలియకుండ పోయినదియు ఇందువలననే.

మన తీరమునకు ఈ విద్యను తెచ్చినవారును క్రైస్తవ మిషనరీ కుటుంబములవారే. 1844లో మక్రే అను స్కాట్లండు దంపతులు నరసాపుర ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరని అచ్చటి సంప్రదాయము చెప్పుచున్నది. గోదావరి ఎగువన దుమ్ముగూడెములో కూడ మిషనరీలు ఈ పనిని ప్రోత్సహించిరి. ఆ కాలము మన డెల్టాకు మంచికాలము కాదు. 1833 నాటి నందన కరువు ఊళ్లకు ఊళ్లను పాడుపెట్టి పోయినది. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి గాని, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి గాని పూర్తికాలేదు. ఐర్లండులోవలెనే ఇచ్చటను ఆకలికి ఆసరాగ సూది వచ్చినది.

మొదట ఈ పని చేసినవారు ఎక్కువగ పేద క్రైస్తవ కుటుంబముల స్త్రీలు. పొలము పనులతోపాటు దీనిని కూడ చేసికొనెడివారు. ఇరువదవ శతాబ్దిలో ఎగుమతి పెరిగినకొలది ఇది ఘోషా పాటించు వ్యవసాయ కుటుంబములలోనికి ప్రాకినది. గడపదాటి కూలికి పోవుట గౌరవము కాదనుకొను ఇండ్లలో, అరుగుమీద కూర్చుండి చేయు ఈ పని గౌరవమునకు భంగము కాలేదు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతపు గ్రామములలో మధ్యాహ్నపు వేళ అరుగుల మీద స్త్రీలు గుంపుగ కూర్చుండి, మాటలాడుచు, సూదివైపు చూడకనే అల్లుకొని పోవుట అందరెరిగిన దృశ్యమైనది.

పని నడచిన విధము ఇట్టిది. ఎగుమతి వర్తకునికి పరదేశమునుండి కోరిక వచ్చును. ఆయన దారమును ఏజెంట్ల చేతికిచ్చును. వారు ఊరూరు తిరిగి, ఇంటింట దారము పంచి, నమూనా చూపి, గడువు చెప్పివత్తురు. ఒక ఇల్లాలు పువ్వులు మాత్రమే అల్లును. మరియొకామె ఆ పువ్వులను తెచ్చి ఒకదానికొకటి కలుపును. దీనికి "అతుకుపని" అని పేరు. అతుకుపని ముగిసిన బల్లగుడ్డలు, దిండుగలీబులు, పక్కదుప్పట్లు వర్తకుని చేరును. అచ్చట ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీచేసి ఓడకెక్కించుదురు. కూలి దినమునకు గాదు, గంటకు గాదు, చేసిన ముక్కకు. దీపము క్రింద ఎంతసేపు కూర్చుండినది, కన్నులెంత మండినది లెక్కలోనికి రాదు.

ఇచ్చటనే ఆ "తీరిక" అను మాట తన పని చేసినది. వర్తకుడేమనెను? "ఇండ్లలోని ఆడవారు తీరికగా ఉన్నప్పుడు చేయుదురు, ఏదో చేతిఖర్చు" అనెను. భర్తయు అట్లే అనెను. చివరకు అల్లిన స్త్రీయు అట్లే అనుకొనెను. జనాభా లెక్కలు వ్రాసికొనువారు వచ్చి, ఇంటి ఆమె ఏమి చేయునని అడిగినప్పుడు, "ఏమియు లేదు, ఇంటిపని" అను సమాధానమే వచ్చెడిది. అట్లు వేలకొలది పనివారు లెక్కలోనికి రాకుండ పోయిరి. లెక్కలో లేనివారికి కూలి నిర్ణయమెక్కడిది? సంఘమెక్కడిది?

ఈ సంగతిని లోకమునకు విప్పిచెప్పినది మరియా మీస్ అను జర్మను దేశపు సాంఘికశాస్త్ర పండితురాలు. ఆమె 1978-79 ప్రాంతమున నరసాపుర గ్రామములలో తిరిగి, లేసు అల్లువారి ఇండ్లలో కూర్చుండి, వారు ఎన్ని గంటలు పనిచేయుచున్నది, ఎంత వచ్చుచున్నది లెక్కకట్టెను. 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అను పేర ఆ గ్రంథము వెలువడినది. ఆమె కనుగొన్నదేమనగా, తీరిక పని యనబడినది నిజమునకు దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటల పని. వంట, పిల్లలు, పశువులు, నీళ్లు అనువానిపైన ఇది అదనము. అంతపని చేసినను సగటున దినమునకు ఒక రూపాయియైన చేతికి వచ్చుట లేదు. అదే సరకు ఐరోపా అంగళ్లలో సంపన్నుల భోజనపు బల్లలమీదికి పోవుచున్నది. "గృహిణి" అను మర్యాదగల మాట ఒక తెరవలె అడ్డుపడి ఈ వ్యత్యాసమును కప్పివేయుచున్నదని ఆమె సిద్ధాంతము. నేటికిని ప్రపంచమున స్త్రీల శ్రమను గూర్చి చర్చించు విద్యాలయములలో ఈ గ్రంథమును చదువుచున్నారు.

ఇప్పుడు మన కృష్ణాతీరపు ఇండ్లకు వత్తము. ఇచ్చట లేసు ఎక్కువగ అమ్మకమునకు గాక ఇంటి కొరకే వచ్చినది. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. ఆ తరువాత దశాబ్దములలో రేడియో కొన్న ఇండ్లలో దానికి అల్లిక గుడ్డ కప్పుట ఆచారమువంటిదైనది. పెండ్లికి సిద్ధమగుచున్న పిల్ల చేత నాలుగు బల్లగుడ్డలు, ఒక రేడియో గుడ్డ అల్లించుట పెద్దల ముచ్చట. ఆ గుడ్డలోని పువ్వునకును, నరసాపురపు అరుగుమీద అల్లిన పువ్వునకును మెలికలో భేదము లేదు. ఒకదానిని ఇంటివారు చూచి మెచ్చుకొనిరి. రెండవదానిని ముక్కకింతయని కొనుక్కొని పోయిరి. రెంటికిని పెట్టిన పేరు మాత్రమొక్కటే: తీరిక పని. మన ఇంటి అల్లికలో ఆ మాట ముద్దుగ ఉండెను. పొరుగుతీరమున అదే మాట కూలిని తగ్గించు సాధనమయ్యెను.

ఇక నేటి దారపు పూలకుండీ సంగతి. దీని రూపము జపానునుండి వచ్చినది. దారముతో బొమ్మలు అల్లి, లోపల దూది కూరి చేయు విద్యకు ఆ దేశమున "అమిగురుమి" అని పేరు; అది ఈ శతాబ్ది మొదటినుండి దేశదేశముల వ్యాపించినది. దారము కూడ క్రొత్తదే. షెనీల్ అని దానిని పిలుతురు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు గొంగళిపురుగు అని అర్థము. పురుగువలె ఒళ్లంతయు నూగు గలది కావున ఆ పేరు. దానితో అల్లినచో మెలికలు కంటికి కనబడవు. వ్రేలికొనతో తడవి లెక్కపెట్టుకొనవలెను. పొరపాటున విప్పినచో నూగు రాలిపోవును. కావున చూచుటకు సుకుమారమైన ఈ పని చేయుటకు సులువు కాదు.

చేయు విధము తెలిసినచో ఇందలి శ్రమ తెలియును. మొదట ఆరు మెలికలతో ఒక వలయము వేయుదురు. రెండవ చుట్టులో పండ్రెండు, మూడవదానిలో పదునెనిమిది, నాల్గవదానిలో ఇరువదినాలుగు. ఇట్లు చుట్టునకారు చొప్పున పెంచినంతవరకు అల్లిక బిళ్లవలె చదునుగ వచ్చును. అది కుండీ అడుగు. పెంచుట మానినంతనే గోడ లేచును. తాటాకు బుట్ట అల్లువారు అడుగు చాలగనే ఆకును పైకి మలచుటవంటిదే ఇది. అవసరమైన ఎత్తు వచ్చిన పిదప అంచు మడచి, లోపల దూది కూరుదురు. దుకాణపు కృత్రిమపు దూదికి బదులు మన బూరుగుదూదియు పనికివచ్చును. పిదప మట్టిరంగు దారముతో వేరొక బిళ్ల అల్లి మూతగ కుట్టుదురు. ఇనుపతీగకు పచ్చని దారము చుట్టి కాడ చేయుదురు. రేకులు విడివిడిగ అల్లి నడిమి బొడ్డునకు కలిపి, ఆ పువ్వును కాడకు, కాడను కుండీకి చేర్చుదురు. ఇది మరేమియు కాదు. ఐర్లండు స్త్రీలు చేసినదే, నరసాపురపు స్త్రీలు చేసినదే. రూపము మారినను పువ్వును, అతుకుపనియు అట్లే ఉన్నవి.

ఈ విద్యకు ఒక విశేషబలము గలదు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభముననే జాన్ హీత్‌కోట్ అను ఆంగ్లేయుడు యంత్రముతో లేసు నేయుట సాధించెను. దానితో ఐరోపాలో చేతిలేసు జీవనము చాలవరకు కూలిపోయినది. కాని కొక్కెపు సూదితో అల్లు మెలికను అచ్చముగ యంత్రము నేటికిని చేయజాలకున్నది. కావున మన చేతికి వచ్చు ప్రతి క్రోషే పువ్వును ఎవరో ఒకరు తమ వ్రేళ్లతో అల్లినదే. యంత్రము చేయునది పోలిక మాత్రమే. ఐనను ఆ పోలిక సరకు, ముఖ్యముగ చీనానుండి వచ్చినది, చౌకధరకు అమ్ముడుపోయి నరసాపురపు అల్లికను దెబ్బతీసినది. ఈ శతాబ్ది తొలి దశాబ్దమున నరసాపురమునకు చేరువనున్న సీతారామపురమున లేసు పార్కు వెలసినది. స్త్రీలు సంఘములుగ చేరి, నడుమ ఏజెంట్లు లేకుండ తామే పనిచేసికొని అమ్ముకొనవలెనని దాని ఉద్దేశము. 2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఆ ప్రాంతమున ఆ విధముగ చేసిన దానికే ఆ పేరు చెల్లును. బందరు అద్దకమునకు ఇట్టి గుర్తింపు ఇదివరకే గలదు. ఇట్లు మన రెండు రేవుల పూవులకును చట్టమునందు పేరు దక్కినది.

పేరు ఊరికి దక్కినది. లెక్క చేతికి ఇంకను దక్కవలసియున్నది. నేడు దారపు పూలకుండీలు అల్లు మన ఆడపిల్లలలో కొందరు వానిని స్నేహితులకు, పరిచయస్థులకు అమ్ముచున్నారు. ఒక ఉదాహరణ అనుకొందము. కుండీకి దారము, దూది, తీగ కలిసి 120 రూపాయలు. అల్లుటకు ఆరు గంటలు. అమ్మిన ధర 250 రూపాయలు. మిగిలినది 130. గంటకెంత పడినది? ఇరువదిరెండు రూపాయలకు లోపు. "అయిననేమి, తీరికవేళ చేసినదే గదా" అని పిల్లయు అనును, కొన్నవారును అందురు. ఆ మాట అన్న క్షణముననే నరసాపురపు అరుగు మన ఇంటిలోనికి వచ్చి కూర్చున్నదని గ్రహింపవలెను.

మేము తీరికను నిందించుట లేదు. ఇష్టముతో అల్లి అత్తగారికో, మేనకోడలికో ఇచ్చు పువ్వునకు వెల కట్టనక్కరలేదు. అందలి సుఖము వేరు. కాని కానుక కానుకగ ఉండవలెను, కూలి కూలిగ ఉండవలెను. అమ్మదలచిన పిల్ల మొదటి మెలిక వేయునప్పుడు గడియారము చూడవలెను. ముగించినప్పుడు మరల చూడవలెను. ఆ గంటలు ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. దారపు ఖర్చుతోపాటు ఆ గంటలకును వెల కట్టవలెను. అట్లు నాలుగు నెలలు వ్రాసిన పుస్తకము చేతనున్నప్పుడు ఎవరు బేరమాడినను తడబాటు లేకుండ సమాధానము చెప్పవచ్చును. ఊరిలో నలుగురు అల్లువారున్నచో, నలుగురును ఒకే లెక్క పాటించుట మరియు మేలు. లేనిచో ఒకరి చౌక మరియొకరి మెడకు చుట్టుకొనును.

కొనువారి విధియు గలదు. సంతలోనో, దుకాణములోనో లేసు కొనునప్పుడు ఇది చేతి అల్లికయా, యంత్రపు పోలికయా అని అడుగుడు. వెనుకకు త్రిప్పి చూడుడు. అతుకులు ఎచ్చట పడినవో తెలిసిపోవును. అతుకుపని చక్కగ నున్నచో ముందు పువ్వు ఎన్నడును ఊడదు. పువ్వును చూచి మెచ్చుకొనుట అందరును చేయుదురు. ఆ అతుకును చూచి వెల ఇచ్చుట నేర్చుకొనవలసియున్నది. జనాభా లెక్కలవారు మరల మన గడపకు వచ్చి, ఇంటి ఆమె ఏమి పనిచేయునని అడిగినచో, ఆ ఇంట సూది ఆడుచున్నయెడల, "లేసు అల్లును" అని చెప్పుట మరువకుందుము గాక.